కుంటి కొంగ పబ్బులో ఎక్కడికీ పోని మెట్లు

నా పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళు ఉన్నాయనగా, ఒక అక్టోబరు సోమవారం ఉదయం కుంటి కొంగ ఫైలు నా చేతికి వచ్చింది. అప్పుడు నేను కెనడాలోని అంటారియో రాష్ట్రంలో, అక్కడి కేంబ్రిడ్జ్‌కు అరగంట దూరంలో నది ఒడ్డున ఉన్న ఒక చిన్న పట్టణంలో హెరిటేజ్ ప్లానర్‌గా పనిచేస్తున్నాను. పట్టణం పేరు చెప్పను. ఈ సంగతిలో పాలుపంచుకున్నవాళ్ళు చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు, అందరూ మంచివాళ్ళే.

హెరిటేజ్ ప్లానర్ అంటే ఏం పని అని మా బంధువులు నేను రిటైరైన రోజు కూడా అడిగారు. ఊళ్ళోని పాత కట్టడాల్లో దేన్ని కాపాడాలి, ఎందుకు కాపాడాలి అన్నది పరిశీలించి నివేదిక రాయడం ఆ పని. నిర్ణయం మా చేతిలో ఉండదు. మేము రాసినదాన్ని ఊరివాళ్ళతో ఏర్పడిన హెరిటేజ్ కమిటీ చర్చించి సలహా ఇస్తుంది. చివరికి టౌన్ కౌన్సిల్ ఓటు వేస్తుంది. ఓటు నెగ్గితే ఆ కట్టడానికి చట్టబద్ధమైన రక్షణ వస్తుంది. దాన్ని డిజిగ్నేషన్ అంటారు. రాష్ట్ర చట్టంలో ఇందుకు తొమ్మిది ప్రమాణాలున్నాయి. కనీసం రెండింటికి నిలబడితేగానీ డిజిగ్నేషన్ రాదు. పాతది, అందమైనది అన్నంత మాత్రాన చాలదు.

ఫైలులో ఉన్నది ఒక ఇంగ్లీషు పబ్బు. అసలు పేరు ది లేమ్ హెరాన్. చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు కుంటి కొంగ అనేవాళ్ళు. గుమ్మం పైన వేలాడే బోర్డు మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ ఉంటుంది. కొంగలన్నీ అలాగే నిలబడతాయి కనుక అది కుంటిదో కాదో బొమ్మను బట్టి చెప్పలేం. ఈ మాట నివేదికలో ఫుట్‌నోట్‌గా రాస్తే మా మేనేజరు కొట్టేశాడు.

ఈ పబ్బు కెనడాలో కట్టినది కాదు. ఇంగ్లండులో ఒక చిన్న సంత పట్టణంలో కొన్ని వందల ఏళ్ళు నిలబడ్డ కట్టడం. మా తల్లిదండ్రుల కాలంలో అక్కడివాళ్ళు రోడ్డు వెడల్పు చేయాలని దాన్ని తీసేయబోతే, మా పట్టణంలోని ఒక ఉన్ని మిల్లు యజమాని కొనేశాడు. దూలం దూలంగా విప్పించి, నంబర్లు వేయించి, పెట్టెల్లో ఓడ ఎక్కించి తెచ్చి, ఇక్కడ నది ఒడ్డున మళ్ళీ నిలబెట్టించాడు. అంతవరకు కాగితాలు స్పష్టంగానే ఉన్నాయి.

ఫైలు నా దాకా రావడానికి కారణం చరిత్ర కాదు, గోర్డన్. గోర్డన్ మా పట్టణానికి చీఫ్ బిల్డింగ్ అఫీషియల్, అంటే కట్టడాల భద్రతకు బాధ్యుడైన పెద్ద అధికారి. పొడుగాటి మనిషి, మాట తక్కువ. జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉండేది. పబ్బును తనిఖీ చేసి మూడు లోపాలు చూపుతూ నోటీసు ఇచ్చాడు. బారు పక్కనుంచి పైకి వెళ్ళే మెట్లు పదమూడు ఎక్కాక గోడకు తగిలి ఆగిపోతాయి. పై అంతస్తులో వీధి వైపు ఒక తలుపు ఉంది, తీసి అడుగు వేస్తే కింద పేవ్‌మెంటే. వంటగది పక్క లోపలి గోడలో ఒక కిటికీ ఉంది, అందులోంచి స్టోరు రూము తప్ప ఏమీ కనపడదు, దాని వల్ల ఆ గోడ నిప్పుకు ఆగదు. వసంతం లోపు ఇవన్నీ సరిచేయాలి, లేకపోతే పబ్బు మూసేయాలి. సరిచేయడమంటే సగం కట్టడాన్ని విప్పడమే. డిజిగ్నేషన్ వస్తే మాత్రం పాత కట్టడాలకు బిల్డింగ్ కోడ్‌లో ఉన్న సడలింపులు వర్తిస్తాయి. అందుకని యజమానురాలు దరఖాస్తు పెట్టుకుంది. ఫైలు మీద ఆమె పేరు చివర లక్ష్మి అని చూసి నేను కాస్త ఆగాను.

ఆ వారమే పబ్బుకు వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ఏప్రాన్ కట్టుకుని, చేతిలో గరిటెతో బయటికి వచ్చిన మనిషి నా మెడలోని ఐడీ కార్డు చూసి, తర్వాత నా మొహం చూసి, ఇంగ్లీషులో మొదలుపెట్టిన మాటను సగంలో వదిలేసింది.

“మీరు మనోళ్ళేనా?”

అవునన్నాను.

“అయ్యో అక్కా, అట్ల నిలబడ్డరేంది! కూసోండి. చాయ్ తాగుతరా?”

ఆమె విజయలక్ష్మి. వరంగల్ దగ్గర పుట్టి, భర్త ఉద్యోగం మీద కేంబ్రిడ్జ్ ఫ్యాక్టరీల వైపు వచ్చి, ఆయన పోయాక ఈ పబ్బులో వంటకు చేరింది. పాత యజమాని వృద్ధుడై అమ్మేస్తానంటే తనే తీసుకుంది. నేను కాకినాడలో పుట్టినదాన్ని, పేరు రాజ్యలక్ష్మి. మొదట్లో పాస్‌పోర్టు చేయించినప్పుడు ఇద్దరి విషయంలోనూ ఒకే పొరపాటు జరిగింది. ఇంటిపేరు ఎటో పోయి, పేరు రెండు ముక్కలై, కెనడా రికార్డుల్లో ఇద్దరి చివరి పేరూ లక్ష్మి అయింది. ఆ రోజు దీన్ని చెప్పుకుని ఇద్దరం నవ్వుకున్నాం.

చాయ్ అయ్యాక ఆమె నన్ను పబ్బు చూపించడానికి తీసుకెళ్ళింది. మూడు లోపాల దగ్గరా మూడు ఇత్తడి పలకలున్నాయి. మెట్ల దగ్గర పలక ప్రకారం, పూర్వం రాజు సైనికులు వెతుకుతూ వచ్చినప్పుడు నిషిద్ధ శాఖకు చెందిన ఒక మతగురువును పైన రహస్య గదిలో దాచి, దారికి అడ్డంగా గోడ కట్టేశారు. వీధి తలుపు, గొడవ చేసే తాగుబోతులను బయటికి సాగనంపడానికి పెట్టినది. లోపలి కిటికీ, భర్త ఎంత తాగుతున్నాడో చూస్తూ ఉండటానికి యజమాని భార్య పెట్టించినది. విజయలక్ష్మి ఈ కథలు చాలా బాగా చెప్పేది. మతగురువు ఊపిరి బిగపట్టిన చోట తనూ ఊపిరి బిగపట్టేది. పలకలు ఎవరు పెట్టారని అడిగితే, తాను కొనేసరికే ఉన్నాయంది.

గురువారం వస్తే ఇంకో చరిత్ర కూడా దొరుకుతుందని కమిటీ అధ్యక్షురాలు మార్గరెట్ నాకు ముందే చెప్పింది. మార్గరెట్ రిటైరైన స్కూలు టీచరు, ఊరి చరిత్ర అంటే ప్రాణం. ప్రతి గురువారం పబ్బులో వడ్డించే పెప్పర్ బ్రాత్ ఆ కట్టడంతోపాటు ఇంగ్లండు నుంచి వచ్చిన వంటకమని, దాన్ని కూడా నివేదికలో చేర్చాలని నాకు రెండు పేజీల ఉత్తరం రాసింది. గురువారం వెళ్ళాను. అది మిరియాల చారు. పోపు కూడా వేసింది.

“నేను చెప్పిన అక్కా, మా అమ్మ చేస్తుండె అని. మదర్స్ రెసిపీ అన్న. వాళ్ళు మదర్ కంట్రీ అనుకున్నట్టున్నరు. ఎన్నిసార్లని చెప్తం?” అంది విజయలక్ష్మి.

పక్క టేబులు దగ్గర గోర్డన్ రెండో గిన్నె తాగుతున్నాడు. మూసేయమని నోటీసు ఇచ్చిన మనిషిని ఆమె, “గోర్డన్ అన్నా, ఇంకొంచెం వేయనా?” అని తెలుగులోనే అడిగింది. అతను తలూపాడు.

కథలు ఎంత బాగున్నా, ఆధారం చూడకుండా రాయడానికి లేదు. మా వృత్తిలో కట్టడాన్ని చదవడం అంటాం. కాగితాల కంటే ముందు కట్టెను చూడాలి. పాతకాలపు ఇంగ్లీషు వడ్రంగులు చట్రాలను నేల మీద కూర్చి, ఏది ఏ వరసలో నిలబెట్టాలో తెలిసేలా దూలాల మీద రోమన్ అంకెలు చెక్కేవారు. కుంటి కొంగలో అలాంటి చట్రాలు ఆరు, వీధి వైపుది ఒకటి కావాలి. టార్చి పట్టుకుని వీధి వైపు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. ఆరు, అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. పొరబడ్డానేమోనని మళ్ళీ మొదటినుంచి చూశాను. అదే వరస.

మిగతా జవాబు లైబ్రరీ కింది అంతస్తులోని టౌన్ ఆర్కైవ్స్‌లో దొరికింది. మిల్లు యజమాని కాగితాల మధ్య ఇంగ్లండులో గీసిన అసలు డ్రాయింగు ఉంది. అది ట్రేసింగ్ పేపరు, అంటే రెండు వైపులనుంచీ కనపడే పల్చటి కాగితం. దానితోపాటు ఇక్కడ పని చేయించిన మేస్త్రీ రోజువారీ పుస్తకం కూడా ఉంది. అందులో ఆయన రాసుకున్నది చదివి నేను కాసేపు కళ్ళజోడు తీసి కూర్చున్నాను. ఇంగ్లండువాళ్ళ చేతిరాత కుడి నుంచి ఎడమకు పోతోందనీ, మామూలుగా చదవడానికి రావడం లేదనీ, అందుకని పని జరిగేచోట ఒక అద్దం తగిలించి అందులో చూసి చదువుతున్నామనీ ఆయన రాశాడు. ఎవరి పద్ధతి వాళ్ళదని కూడా రాశాడు. కాగితాన్ని తిరగేస్తే సరిపోతుందని రెండు నెలల పాటు ఎవరికీ తోచలేదు. అక్షరాలను అద్దంలో సరిగ్గానే చదివారు. గీతలను మాత్రం కంటితో నేరుగా చూసి చట్రాలను తిరగేసి కట్టారు, రాతలో చెప్పిన మెట్లూ తలుపులూ కిటికీలూ అసలు చోట్లలోనే పెట్టారు.

దాంతో పబ్బు వెనకది ముందు, ముందుది వెనక అయింది. పడకగదుల వసారాలోకి తెరుచుకోవాల్సిన మెట్లు గోడకు తగిలాయి. గుర్రాల కొట్టం మీది వరండాలోకి ఉండాల్సిన తలుపు వీధి మీదికి వచ్చింది. పెరటి వైపు కిటికీ లోపలికి వచ్చి స్టోరు రూమును చూస్తూ ఉండిపోయింది. పైకి వెళ్ళడానికి దారి లేదని తెలిశాక బయటి నుంచి ఇనుప మెట్లు వేసుకున్నారు. మతగురువూ లేడు, తాగుబోతుల తలుపూ లేదు.

నివేదిక రాయకముందే విజయలక్ష్మికి చెప్పడం మర్యాద అనిపించింది. వెళ్ళి చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపి చివరిదాకా విన్నది.

“అంటే ఇదంతా ఉత్తదే అంటరా?”

“కట్టడం నిజమే. కథలు నిజం కాదు.”

“ఈ కథలు చూసి కాదా జనం వస్తున్నది? రిచ్‌మండ్ హిల్ అంత దూరం నుంచి కూడా కార్లు వేసుకుని వస్తరు. నిజం రాయకుంటే ఏమైతది అక్కా? ఎవ్వరడిగిన్రు?”

రాయకుండా ఉండలేనని చెప్పాను. ఆ తర్వాత రెండుసార్లు కొలతల కోసం వెళ్ళాను. మంచినీళ్ళు ఇచ్చింది, చాయ్ ఇవ్వలేదు. తెలుగువాళ్ళ ఇంట్లో ఆ తేడాకు అర్థం నాకు తెలుసు. నివేదిక రాసేటప్పుడు చాలా బాధపడ్డాను. నిజం రాస్తే ఆమె పొయ్యి ఆరిపోతుందేమోనన్న భయం ఒకవైపు, నా సంతకం కింద మతగురువు ఉండకూడదన్న పట్టుదల ఒకవైపు.

మూడు చిత్తుప్రతులు రాసి చించాక, ప్రమాణాల జాబితాను మరోసారి మొదటినుంచి చదివాను. అరుదైన లేదా విశిష్టమైన నిర్మాణమై ఉండాలి అని ఉంది. సరిగ్గా కట్టినదై ఉండాలని ఎక్కడా లేదు. ఇంగ్లండు నుంచి సముద్రం దాటి వచ్చి, తిరగబడి నిలబడి, ఇన్నేళ్ళు పడిపోకుండా ఉన్న కట్టడం ఈ దేశంలో మరొకటి ఉందని నాకు తెలియదు. స్థానిక సమాజంతో సంబంధం ఉండాలన్నది ఇంకో ప్రమాణం. ఊరు ఊరంతా ఒక మేస్త్రీ పొరపాటుకు కథలు కట్టుకుని, వాటిని ఇత్తడి మీద చెక్కించుకుని, పిల్లలకు చెప్పుకుంటూ ఉంటే అంతకు మించిన సంబంధం ఏముంటుంది? కుంటి కొంగకు డిజిగ్నేషన్ ఇవ్వాలని, దాని పొరపాటు కారణంగానే ఇవ్వాలని సిఫార్సు చేశాను. కాపాడవలసిన అంశాల జాబితాలో మొదటిదిగా ఎక్కడికీ పోని మెట్లు పదమూడు అని రాశాను.

నవంబరులో ఒక సాయంత్రం ఆరున్నరకు టౌన్ హాలులో కమిటీ సమావేశం జరిగింది. సభ్యులు ఏడుగురు, మధ్యలో మార్గరెట్. నివేదిక చదవడం పూర్తయ్యాక యజమానురాలిని మాట్లాడమన్నారు. నేను ఆమె కథలను అబద్ధమని రాసి వదిలేశాననే ఆమె అంతదాకా అనుకుంది. పబ్బును నిలబెట్టమని నేనే సిఫార్సు చేశానని అప్పుడే విన్నది. లేచి మైకు దగ్గరికి వెళ్ళి, ఇంగ్లీషు మర్చిపోయి, నా వైపు తిరిగి, “అక్కా!” అంది.

సభ నియమాల ప్రకారం నడిచేలా చూస్తూ మినిట్స్ రాసుకుంటున్న టౌన్ క్లర్క్ తలెత్తాడు. రికార్డు కోసం ఆ మాటకు అర్థం చెప్పమన్నాడు. ఎలా చెప్పాలా అని నేను తడబడేలోగా విజయలక్ష్మే చెప్పేసింది. “ఎల్డర్ సిస్టర్.”

క్లర్క్ ఎదురుగా ఉన్న రెండు కాగితాలు చూశాడు. దరఖాస్తుదారు లక్ష్మి. నివేదిక రాసిన ఉద్యోగి లక్ష్మి. అతని మొహం తెల్లబడింది. ఉద్యోగి తన సొంత చెల్లెలి ఆస్తి మీద నివేదిక రాయడం కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ అనే పక్షపాత దోషం కిందికి వస్తుంది. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగం అక్కడికక్కడే పోయినంత పని అది.

మేము అక్కచెల్లెళ్ళం కామని చెప్పాను. మరి సిస్టర్ అని ఎందుకు పిలిచిందని అడిగాడు.

“నాకంటే పెద్దది కదా సార్” అంది విజయలక్ష్మి ఇంగ్లీషులో.

“మీకంటే పెద్దవాళ్ళందరినీ అలాగే పిలుస్తారా?”

“కొంచెం పెద్దయితే అక్క. బాగా పెద్దయితే ఆంటీ.” ఆమె అధ్యక్షురాలి వైపు చూపించింది. “ఈమె మార్గరెట్ ఆంటీ.”

క్లర్క్ అది కూడా రాసుకున్నాడు. ఆ పిలుపుతో ఎన్నాళ్ళుగా పిలుస్తున్నదని మార్గరెట్‌ను అడిగాడు. చాలా ఏళ్ళుగా అని మార్గరెట్ నిజాయితీగా చెప్పింది. చెప్పాక తనకే ఏదో తోచినట్టు, తాను కుర్చీ ఖాళీ చేయాలా అని అడిగింది. ముందు జాగ్రత్తగా చేస్తే మంచిదన్నాడు క్లర్క్. ఆమె లేచి ప్రేక్షకుల్లో కూర్చుంది. ఉపాధ్యక్షుడు అధ్యక్ష స్థానంలోకి వచ్చి, తనను కూడా అంకుల్ అంటుందని ఒప్పుకుని, కూర్చున్న వెంటనే లేచాడు. మిగిలిన అయిదుగురిలో ముగ్గురు గురువారం చారుకు వచ్చేవాళ్ళే. ఒకరు అంకుల్, ఒకరు ఆంటీ, ఒకరు తమ్ముడు. తమ్ముడంటే ఏమిటో తెలుసుకుని అతనూ వెళ్ళిపోయాడు. ఆఖరికి గోర్డన్ నిలబడి, తనను అన్నా అంటారనీ, అది ఇంగ్లీషులో ఆడవాళ్ళ పేరు కనుక తమాషాకు పిలుస్తున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాననీ, అర్థం బ్రదర్ అయితే తన నోటీసు కూడా చెల్లుతుందో లేదో చూడాలనీ గంభీరంగా చెప్పాడు.

బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. కోరం లేదు, అంటే నిర్ణయానికి కావలసినంత మంది లేరు. సమావేశం వాయిదా పడింది.

తర్వాతి రెండు వారాలు నా ఉద్యోగ జీవితంలో అతి విచిత్రమైనవి. నేనూ విజయలక్ష్మీ ఒకే తల్లిదండ్రుల పిల్లలం కామని చెరొక అఫిడవిట్ ఇవ్వాల్సి వచ్చింది. నోటరీ దగ్గరికి విడివిడిగా వెళ్ళాం. ఆ సాయంత్రం ఆమె ఫోను చేసింది.

“నేను మీ చెల్లెను కాదని సంతకం పెట్టిన్రా అక్కా?”

“నువ్వూ పెట్టావుగా.”

“నేను ఏడ్చుకుంట పెట్టిన.”

నేను ఏడవలేదు. కానీ సంతకం పెట్టేటప్పుడు పెన్ను కాస్త ఆగిందని చెప్పాను. రేపు చాయ్‌కి రమ్మంది.

పట్టణం లాయరు చివరికి నాలుగు పేజీల అభిప్రాయం రాశాడు. తెలుగు భాషలో బంధుత్వ పదాలు బంధుత్వానికి సాక్ష్యం కావని తేల్చాడు. గోర్డన్‌ను అన్నా అనడం వల్ల నోటీసు రద్దు కాదని కూడా రాశాడు. ఆ నాలుగు పేజీలు ఇప్పటికీ పట్టణం ఫైళ్ళలో ఉండి ఉండాలి.

ఈ మధ్యలోనే ఇంగ్లండు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పేరు ఆలన్ ప్రిచర్డ్, ఎనభై దాటిన మనిషి. అక్కడ రోడ్డు వెడల్పు చేయనే లేదట. పబ్బు తీసేసిన చోటు ఇన్నాళ్ళూ కార్ల పార్కింగుగా ఉండిపోయింది. ఇప్పుడు ఊరివాళ్ళు పశ్చాత్తాపపడి, అదే స్థలంలో పబ్బును ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టాలనుకున్నారు. కొలతలు తీసుకోవడానికి ఆయనను పంపారు. ఆయన ఆ పబ్బుకు అక్కడి ఆఖరి యజమాని కొడుకు. పై గదిలోనే పుట్టాడు.

నేనే ఆయనను కుంటి కొంగకు తీసుకెళ్ళాను. లోపల అడుగు పెట్టగానే, చిన్నప్పటి అలవాటు చొప్పున, బాత్‌రూముకని కుడి వైపు తిరిగి స్టోరు రూములోకి వెళ్ళిపోయాడు. బియ్యం బస్తాల మధ్యనుంచి క్షమాపణ చెబుతూ బయటికి వచ్చాడు. తర్వాత మెట్లు ఎక్కాడు. పదమూడో మెట్టు మీద ఆగి అరచెయ్యి గోడ మీద పెట్టాడు.

“ఇక్కడ మా అమ్మ గది ఉండాలి” అన్నాడు.

నేను జరిగింది చెప్పాను. ట్రేసింగ్ పేపరు సంగతి విని నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. విజయలక్ష్మి ఆయన చెయ్యి పట్టుకుని, బయటి ఇనుప మెట్ల మీదుగా పైకి, కట్టడం రెండో చివరకు తీసుకెళ్ళింది. ఇప్పుడది ఆమె పూజ చేసుకునే గది. ఆయన టోపీ తీసి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కిందికి వచ్చాక మిరియాల చారు తాగి, కళ్ళు తుడుచుకుని, అది కారం వల్లనని చెప్పాడు.

మెట్ల దగ్గరి పలక చదివి మతగురువు ఎవరని అడిగాడు. అలాంటివాడు నిజంగా దాక్కున్నాడా అని నేను తిరిగి అడిగాను.

“మా అమ్మకు కోపం వచ్చినప్పుడు మా నాన్న దాక్కునేవాడు. ఇంకెవరూ లేరు.” పలక మరోసారి చదివి, “కానీ ఈ కథ బాగుంది. మేము వాడుకోవచ్చా?” అన్నాడు.

“తీసుకోండి అంకుల్” అంది విజయలక్ష్మి.

డిసెంబరులో రెండో సమావేశం జరిగింది. అందరూ తమ తమ కుర్చీల్లోకి తిరిగి వచ్చారు. మార్గరెట్ మొదట అడిగిన ప్రశ్న పెప్పర్ బ్రాత్ గురించే. చట్టం స్థిరాస్తిని మాత్రమే కాపాడుతుందనీ, చారు స్థిరాస్తి కాదనీ చెప్పాను. ఆమె నిరాశపడింది. మేస్త్రీ పుస్తకంలోని భాగాలు చదివినప్పుడు మాత్రం హాలు నవ్వలేదు. ఆ మేస్త్రీ మనవరాలు వెనక వరుసలో కూర్చుని ఉంది. ఆమె లేచి, తన తాతయ్య చాలా జాగ్రత్తగల మనిషి అని చెప్పి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఓటుకు ముందు గోర్డన్ మాట్లాడాడు. కోడ్‌లో నిర్వచనాలు మళ్ళీ చదివానన్నాడు. ఒక అంతస్తును ఇంకో అంతస్తుతో కలిపితేనే మెట్ల దారి. ఇవి దేన్నీ దేనితోనూ కలపడం లేదు, కాబట్టి కోడ్ దృష్టిలో ఇవి మెట్లు కావు, కదలని సామాను. వీధి మీది తలుపుకు గడియ తీసేసి మేకులు కొట్టేస్తే అది తలుపు కాదు, గోడలో భాగం. లోపలి కిటికీకి ఇటుక అడ్డం పెట్టకుండా నిప్పుకు ఆగే అద్దం వేస్తే చాలు. అంతకు ముందు నోటీసు ఇచ్చినప్పుడు ఇవి మెట్లూ తలుపులూ అనుకున్నాను, నా పొరపాటు అన్నాడు. కమిటీ ఏకగ్రీవంగా సిఫార్సు చేసింది. కొత్త సంవత్సరంలో కౌన్సిల్ ఓటు వేసింది. అభ్యంతరాలకు ఇచ్చిన గడువు ఎవరూ రాయకుండానే గడిచిపోయింది. డిజిగ్నేషన్ ఖాయమైంది.

విజయలక్ష్మి పాత పలకలను తీయనని పట్టుబట్టింది. ప్రతిదాని కింద నా నివేదికలోని రెండు వాక్యాలతో ఇంకో చిన్న పలక పెట్టించడానికి మాత్రం ఒప్పుకుంది. ఇప్పుడు ఆమె రెండు కథలూ చెబుతుంది. మేస్త్రీ అద్దంలో చూసి చదివిన కథకే జనం ఎక్కువ నవ్వుతారని తర్వాత నాకు చెప్పింది. మతగురువు కథకు ఊపిరి బిగపట్టడం మాత్రం మానలేదు.

నేను రిటైరయ్యే నెలలో ప్రిచర్డ్ గారి ఉత్తరం వచ్చింది. ఇంగ్లండులో పబ్బు పూర్తయిందట. ట్రేసింగ్ పేపరు నకలు, ఏ వైపు చూడాలో రాసిన చీటీతో సహా మేము ముందే పంపించాం. అయితే అక్కడి వారసత్వ అధికారులు, ఊహాజనితమైన పునర్నిర్మాణాన్ని అనుమతించబోమనీ, నిలబడి ఉన్న ఏకైక కట్టడం కెనడాలోనిదే కనుక దాని కొలతలే ప్రామాణికమనీ తేల్చారట. అలా అక్కడ కూడా పదమూడు మెట్లు ఎక్కి గోడకు చేరేలా కట్టారు. మెట్ల దగ్గర మతగురువు పలక ఉంది. గురువారాల్లో సంప్రదాయ మిరియాల సూపు ఇస్తున్నారు, అందులో పోపు లేదు. వాళ్ళ అమ్మ గదికి లోపలినుంచి దారి లేదనీ, ఇనుప మెట్లకు దరఖాస్తు పెట్టామనీ ఆయన రాశాడు.

ఆ ఫైలు తర్వాత నేను రాసిన ప్రతి నివేదికలోనూ ఒక పద్ధతి పాటించాను. కట్టడానికి నిజంగా ఏం జరిగిందో ఒక భాగంలో, ఏం జరిగిందని ఊరు నమ్మిందో ఇంకో భాగంలో రాశాను. రెండింటినీ ఒకే పేరాలో ఎప్పుడూ కలపలేదు. మొదటి భాగానికి ఆధారాలు చూపించాను. రెండో భాగాన్ని మొదటిదాని కంటే చిన్నది కానివ్వలేదు, ఎందుకంటే కౌన్సిల్‌లో చేతులు లేచేది ఎక్కువగా దాన్ని చదివాకే.